ఇటుక బట్టీ నుంచి కల్వర్టు దాకా

సెల్‌ఫోన్ కొన్న కొత్తలో మా ఇంట్లో పెద్ద తగాదా ఒక ఆడగొంతుతో వచ్చింది. "మీరు ప్రయత్నిస్తున్న సబ్‌స్క్రైబర్ ప్రస్తుతం కవరేజ్ ఏరియాలో లేరు" అని చెప్పే గొంతు. ముదిగొండ దగ్గర మా అత్తమ్మ ఇంట్లో, ల్యాండ్‌లైన్ ముందు పీట వేసుకుని, ఒకటో తరగతి చదివే నా కూతురు రోజూ సాయంత్రం నా నంబరు నొక్కేది. నేను అందకపోతే ఆ గొంతు పలికేది. ఆమె నా గదిలోనే ఉంటుందనీ, నా ఫోన్ తనే ఎత్తి కావాలని నాకు ఇవ్వడం లేదనీ దాని గట్టి నమ్మకం.

"ఆమెను ఎల్లగొట్టమ్మా" అనేది. "నేను మంచిగనే అడుగుతున్న. మా అమ్మకియ్యి అంటే మళ్ళ అదే మాట చెప్తది."

మేము ముగ్గురం అప్పుడు మూడు చోట్ల ఉండేవాళ్ళం. మా ఆయన మణుగూరులో బొగ్గు గనిలో డంపర్ నడిపేవారు. నాకు భద్రాచలం దాటి, పర్ణశాల వైపు పోయే రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఒక అడవి పల్లెలో టీచరుద్యోగం. ఆయనది ఒక వారం పొద్దున, ఒక వారం రాత్రి షిఫ్టు. నాది తెల్లారి బయల్దేరితే చీకటి పడ్డాక ఇల్లు చేరే దూరం. అందుకని నేను బడికి కాస్త దగ్గరగా ఒక ఊళ్ళో కిరాయి గది తీసుకున్నాను. పిల్ల అత్తమ్మ దగ్గర పెరిగింది. రెండు జీతాలొచ్చే ఇంట్లో పిల్లను చూసే మనిషి లేకపోవడమేంటని చుట్టాలు అడిగేవాళ్ళు. ఆ మాటకు నాకు కోపమొచ్చేది.

శనివారం సాయంత్రం వెళ్ళి ఆదివారం రాత్రికి తిరిగొచ్చే తల్లిని నేను. మిగతా రోజుల్లో నా తల్లితనమంతా ఆ ఫోన్‌లోనే ఉండేది. అందుకే ఆ ఫోన్‌కు సిగ్నల్ ఎక్కడొస్తుందో కనిపెట్టడానికి నేను పడ్డ పాట్లు ఎవరికైనా చెబితే నవ్వుతారు. గదిలో రాదు. బడిలో రాదు. బడి వెనక గుట్ట ఎక్కినా రాదు. ఎక్కి చూశాను కాబట్టే చెబుతున్నాను. చీర కుచ్చిళ్ళ నిండా పల్లేరు కాయలు తగిలాయి గానీ సిగ్నల్ తగల్లేదు. ఊళ్ళో ఒక ఎస్టీడీ బూత్ ఉండేది గానీ సగం రోజులు దాని లైను పనిచేసేది కాదు. పనిచేసిన రోజుల్లో అక్కడి బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నా మాటలు విని, మర్నాడు నన్ను పరామర్శించేవాళ్ళు.

చివరికి దొరికింది, బడికీ గదికీ మధ్య రోడ్డు మీద. ఒక పక్క ఇటుక బట్టీ, ముందుకు పోతే వాగు మీద కల్వర్టు. ఈ రెంటి మధ్య రోడ్డు ముక్కలో మాత్రమే ఫోన్‌కు ప్రాణం వచ్చేది. గోదావరి అవతలి ఒడ్డు టవర్ సిగ్నల్ నది మీదుగా వచ్చి, చెట్లు లేని ఆ కాస్త సందులో దిగుతుందని మా హెడ్మాస్టరు గారు వివరించేవారు. ఆయనకు ఫోన్ లేదు కాబట్టి ప్రశాంతంగా వివరించగలిగేవారు.

ఈ సంగతి నాకొక్కదానికే తెలుసని కొన్నాళ్ళు మురిసిపోయాను. కానీ ఫోనున్న ప్రతివాళ్ళకీ తెలుసు. పర్ణశాలకు భక్తుల్ని తీసుకుపోయే జీపుల డ్రైవర్లు, వెదురు లారీలవాళ్ళు, పల్లెలకు సూదులు వేయడానికి వచ్చే నర్సమ్మ, అందరికీ ఆ ముక్క రాగానే జేబులోనో సంచిలోనో ఫోన్ మోగేది. అక్కడ ఎదురొచ్చే ప్రతి మనిషి మెడా ఒక పక్కకు వంగి ఉండేది. ఇద్దరు మెడవంకరలం ఎదురైతే, తల ఊపడానికి వీలుండదు కాబట్టి కనుబొమలతో పలకరించుకునేవాళ్ళం.

నేనూ మొదట్లో బుద్ధిగా బండి ఆపేదాన్ని. నా పాత స్కూటీని రోడ్డు వారగా స్టాండ్ వేసి, కొంగు తల మీదికి లాక్కుని మాట్లాడేదాన్ని. అయితే ఆ ప్రాంతపు మనుషుల సంగతి ఒకటి చెప్పాలి. అడవి దారిలో బండి ఆగి ఉంటే వాళ్ళు చూస్తూ పోరు. సైకిల్ మీద పోయేవాడు దిగుతాడు, ట్రాక్టరు ఆగుతుంది, తలమీద కట్టెల మోపు ఉన్న ముసలమ్మ కూడా మోపుతోనే నిలబడుతుంది. ఆడమనిషి ఒంటరిగా ఉంటే మరీను.

"ఏమైంది మేడం, బండి ఆగిందా?"

"ఆగలేదన్నా, నేనే ఆపిన."

"ఎందుకాపినవ్?"

చేతిలో ఉన్న ఫోన్ చూపించేదాన్ని. చూసేవాళ్ళు, అర్థమైనట్టు తలూపేవాళ్ళు, కదిలేవాళ్ళు కాదు. నా మాటలైపోయాక బండి స్టార్టయి నేను వెళ్ళిపోయేదాకా కాపలా ఉండటం వాళ్ళ మర్యాద. ఒకసారి నా కూతురు, పక్క బెంచీ పిల్ల తన పలక పగలగొట్టిందని వెక్కి వెక్కి చెబుతుంటే, ఒక ట్రాక్టరాయన దిగి వచ్చి నా పెట్రోల్ ట్యాంకు మూత తీశాడు.

"పెట్రోల్ ఉన్నది గద. ప్లగ్గు కొట్టేసినట్టుంది" అన్నాడు.

నేను వద్దని చేయి ఊపుతున్నా, పాపం ఆయన ప్లగ్గు విప్పి, లుంగీ అంచుతో తుడిచి, ఊది, మళ్ళీ బిగించి, కిక్ కొట్టి స్టార్ట్ చేశాడు. బాగున్న బండిని బాగు చేసిన ఆనందం ఆయన మొహంలో చూసి కోప్పడలేకపోయాను. అప్పటికి అవతల పిల్ల "నువ్వు వింటలేవు" అని పెట్టేసింది. ఆ రాత్రంతా నాకు మనసు మనసులో లేదు.

అప్పుడు నా బుర్రకు గొప్ప ఆలోచన వచ్చింది. ఆగిన బండిని అందరూ పలకరిస్తారు, నడిచే బండి జోలికి ఎవరూ రారు. కాబట్టి ఆపకుండా మాట్లాడాలి. డిగ్రీ చదివి, ఆపైన బి.ఇడి చేసిన బుర్ర అది. ఎడమ భుజం మీదికి మెడ వంచి, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, నెమ్మదిగా ఇటుక బట్టీ దగ్గర మొదలుపెట్టేదాన్ని. కల్వర్టు వచ్చేసరికి మాటలు అయిపోకపోతే అక్కడే బండి తిప్పి మళ్ళీ బట్టీ దాకా. అక్కడా అయిపోకపోతే మళ్ళీ కల్వర్టు. పిల్ల ఒక పూట కథలన్నీ చెప్పేసరికి నేను ఆ ముక్కను ఎన్నిసార్లు కొలిచేదాన్నో నాకే తెలియదు. రోడ్డు మీద ప్రతి గుంటా నాకు చుట్టమే. కళ్ళు మూసుకుని నడపగలనని నర్సమ్మతో గొప్పలు పోయాను. ఆ నడపడం కూడా ఇంచుమించు కళ్ళు మూసుకున్నట్టే ఉండేది. పిల్ల చెప్పేది వింటుంటే రోడ్డు కాదు, దాని మొహం కనిపించేది నాకు.

కొన్నాళ్ళకు కట్టెల మోపు ముసలమ్మ దారిలో చేయి అడ్డం పెట్టి ఆపింది.

"దొరికిందా బిడ్డా?"

"ఏంది అవ్వా?"

"నీ గొలుసు. రోజూ ఎతుకుతున్నవ్ గద, ఇటుదటు అటుదిటు. మా ఊళ్ళె పిల్లలు గూడ ఎతుకుతున్నరు."

నేను మెడ వంచుకుని, నెమ్మదిగా, అదే దారిలో పైకీ కిందికీ తిరుగుతుంటే వాళ్ళకు ఇంకేమనిపిస్తుంది? పుస్తెల గొలుసు పోగొట్టుకుని, మొగుడికి చెప్పలేక, నాలో నేను గొణుక్కుంటూ వెతుక్కుంటున్నానని ఊరంతా నిర్ణయానికి వచ్చింది. పొద్దున్నే ఆడవాళ్ళు రోడ్డు వార గడ్డి కోసేటప్పుడు పనిలో పనిగా నా గొలుసు కోసం కూడా చూస్తున్నారట. నిజం చెప్పడానికి సిగ్గేసి, "దొరికిందవ్వా" అన్నాను. ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. మర్నాడు బడికి పోయేసరికి పోగొట్టుకోని గొలుసు దొరికినందుకు పిల్లలంతా నా సంచి వైపు ఆశగా చూస్తున్నారు. పుట్నాలూ బెల్లం తెప్పించి పంచక తప్పలేదు.

ఆ బడి పిల్లలే నాకు ఇంకో అద్దం కూడా పట్టారు. అప్పుడు పరిసరాల పాఠంలో రోడ్డు నియమాలుండేవి. ఎడమ పక్క నడవాలి, రెండు వైపులా చూసి దాటాలి. నేను బోర్డు మీద జీబ్రా గీతలు గీసి తెగ చెప్పేదాన్ని, చుట్టుపక్కల ఎక్కడా అవి లేకపోయినా. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ బయటికి వస్తే, పిల్లలు వరసగా నిలబడి ఆడుకుంటున్నారు. చేతులు ముందుకు చాపి, మెడలు ఎడమ భుజం మీదికి పడేసి, పెదవులు కదిలిస్తూ, చెట్టు దాకా పోయి మళ్ళీ తిరిగి వస్తున్నారు. తమలో తాము వాళ్ళ కోయ మాటల్లో ఏదో చెప్పుకుని పడీ పడీ నవ్వుతున్నారు. ఏం ఆట అని అడిగాను. ఒకమ్మాయి, "టీచరాట" అంది.

నవ్వేసి ఊరుకున్నాను. నిజానికి కాస్త గర్వంగా కూడా అనిపించింది.

మా ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. ఇంత ఎత్తు డంపర్ నడిపే మనిషి, నా దగ్గరికొచ్చి కలిసి ఊరికి పోయే శనివారాలు, బస్సు దాకా నా స్కూటీ వెనక కూర్చోవడానికి భయపడేవారు. "మేము లోపలికి పోయేటప్పుడు ఫోన్ గేటు కాడనే ఇచ్చి పోతం. అంత పెద్ద బండిల కూసుంటే కింద జీపు గూడ అగపడదు. మాట్లాడుకుంట నడిపితే మనుషులు మిగులుతరా?" అన్నారొకసారి.

"మీకు గేటు కాడ ఇచ్చిపోతే సరిపోతది. నాకోసం ఫోన్ కాడ పిల్ల కూసుంటది" అన్నాను.

"ఆపి మాట్లాడు."

"ఆపితే ప్లగ్గు విప్పుతరు."

ఆయనకు అర్థం కాలేదు, నేను వివరించలేదు. కోపమొచ్చినప్పుడు వివరంగా చెప్పే ఓపిక నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పైగా నా మనసులో ఒక దిగులుండేది, అది ఆయనకు కూడా చెప్పలేదు. పిల్ల ఒక్క పూట నేను అందక అలిగితే, మర్నాడు నంబరు నొక్కడం మానేస్తుందేమో, నెమ్మదిగా నేను శనివారం వచ్చే చుట్టంలాగా అయిపోతానేమో అని. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, అదంతా పిల్లకోసమని చెప్పుకున్నాను గానీ సగం నా భయంకోసమే.

దీపావళి వెళ్ళాక మొక్కజొన్న కోతలు అయ్యాయి. మా వైపు సంగతి తెలిసిందే, తారు రోడ్డంత మంచి కల్లం ఇంకోటి లేదు. గింజలు రోడ్డు మీద సగం మేర పరిచి, బళ్ళు ఎక్కకుండా చుట్టూ పెద్ద పెద్ద రాళ్ళు పేరుస్తారు. ఆ రోజు పొద్దున నేను బడికి పోయేటప్పుడు ఆ ముక్కలో ఏమీ లేదు. మధ్యాహ్నం ఎవరో తెచ్చి పోశారు. సాయంత్రం ఇటుక బట్టీ దగ్గరికి రాగానే ఫోన్ మోగింది. మెడ వంచి అందుకున్నాను.

"అమ్మా, నా పన్ను ఊడింది."

"ఏ పన్ను?"

"ముందుది. రగతం వచ్చింది. నేను ఏడ్వలే. నానమ్మ ఇంటి మీదికి ఇసిరింది."

ఇక రోడ్డు ఎక్కడుంది నాకు. పన్నూడిన ఆ చిన్న నోరు ఎలా ఉందో ఊహించుకుంటూ, అయ్యో నేను చూడకుండానే ఊడిపోయిందే అనుకుని, "ఏదీ, నవ్వు, ఇప్పుడెట్ల నవ్వుతవో వినిపించు" అన్నాను. అది నవ్వింది. ముందు చక్రం రాయికి తగిలింది.

ఎగిరి మొక్కజొన్నల్లో పడ్డాను. గింజల మీద జారుకుంటూ చాలా దూరం పోయాననుకుంటా, ఎందుకంటే తర్వాత జాకెట్లోంచి కూడా గింజలు రాలాయి. అమ్మా అని అరిచానన్నది గుర్తుంది. ఎడమ చేయి మోచేతి కింద వంగకూడని వైపు వంగి ఉంది. ఫోన్ ఎటో పోయింది. "మేడం పడ్డది, మేడం పడ్డది" అని అరుచుకుంటూ జనం పరుగెత్తుకొచ్చారు. ఆ పూట వాళ్ళు ఆగినందుకు చచ్చేంత సంతోషించాను. మక్కలు ఆరబోసినామె తన తలగుడ్డ విప్పి నా చేయి మెడకు కట్టింది. తన గింజలు చెల్లాచెదురైపోయాయని ఒక్క మాట అనలేదు. ఆటో ఆపి, నన్ను ఎక్కించి, తనూ పక్కన ఎక్కింది.

ఫోన్ కోసం వెతికితే మూత ఒక చోట, బ్యాటరీ ఒక చోట దొరికాయి. అసలు ముక్క దొరకలేదు. పిల్లకు నా అరుపు వినిపించి ఉంటుందన్న ఆలోచన నాకు ఆటోలో, భద్రాచలం దగ్గరపడ్డాక గానీ రాలేదు. రాగానే చేయి నొప్పి మరిచి, ఆటో ఇంకా తొందరగా పోనిమ్మన్నాను.

దవాఖానాలో ఎముక విరిగిందని చెప్పి, పట్టీ వేసి, సిమెంటు కట్టు పొద్దున వేస్తామన్నారు. నేను ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాను. మక్కలామె నా వెనకే వచ్చింది. అత్తమ్మ నంబరు తిప్పితే ఎంగేజ్. మళ్ళీ తిప్పితే ఎంగేజ్. ఎవరితో మాట్లాడుతున్నారు? ఎవరికి ఏం చెబుతున్నారు? పిల్ల భయపడి ఏమన్నా అయిందా? ఎన్నిసార్లు తిప్పినా అదే మోత. చివరికి ఇంటి పక్క కిరాణా కొట్టాయన సెల్‌కు చేశాను. పోయి చూసి చెప్పమన్నాను. ఆయన ఫోన్ చేతిలో పట్టుకునే నడిచాడు. చెప్పుల చప్పుడూ, గేటు చప్పుడూ, అత్తమ్మ ఏడుపూ వినిపించాయి.

"మేడం, మీకేం కాలే గద?" అన్నాడు. "ఈడ పాప రిసీవర్ ఇడుస్తలేదు. ఎప్పటినుంచో గట్లనే పట్టుకుని కూసుందంట. అమ్మ పడ్డది, లేచినంక మాట్లాడతది, ఎవరూ పెట్టొద్దు అంటది. మీ అత్తమ్మ గుంజుకోబోతే కొరికింది."

నేను రోజూ మాట్లాడే ఆ ఒక్క ఫోన్‌నూ పిల్ల పట్టుకుని కూర్చుంది. ఎత్తి ఉన్న రిసీవర్ వల్లే నాకు ఎంగేజ్ వస్తోంది. ఆగిపోయిన లైనులో నేను లేస్తానని చూస్తోంది నా కూతురు.

"నీ సెల్లు దాని చెవి కాడ పెట్టన్నా" అన్నాను.

"ఒక చెవికి అది ఉంది. రెండోదానికి పెడుతున్న."

"బిడ్డా, నేను."

"ఎవరు?"

"అమ్మను. లేచిన. దెబ్బ కొద్దిగనే తాకింది."

అవతల ఊపిరి వినిపిస్తోంది.

"దాంట్ల నేను లేను బిడ్డా. దీంట్ల ఉన్న. అది పెట్టెయ్యి."

"నువ్వు అమ్మవు గాదు" అంది. ఫోన్‌లో ఉండే ఆ ఆడమనిషితో మాట్లాడే గొంతు పెట్టి అంది.

"నేనే బిడ్డా. గొంతు తెలుస్తలేదా?"

"మా అమ్మ మాట్లాడితే గాలొస్తది. నీకు గాలొస్తలేదు."

బూత్ గోడకు ఆనుకున్నాను. ఇన్నాళ్ళూ అది నా గొంతు ఒక్కటే ఎప్పుడూ వినలేదు. దానికి తెలిసిన అమ్మ, రోడ్డు మీద గాలి చీల్చుకుంటూ పోయే అమ్మ. ఆగి, కూర్చుని, దానితో మాట్లాడిన అమ్మను అది ఫోన్‌లో ఎరగదు. నాకు ఏడుపొచ్చింది గానీ ఏడిస్తే అది ఇంకా నమ్మదని మింగేశాను. ఏం చేయాలో తోచక, రిసీవర్ నోటి దగ్గరికి తెచ్చుకుని గాలి ఊదాను. బూత్ అబ్బాయి తలెత్తి చూశాడు. మక్కలామె నా భుజం పట్టుకుంది. మళ్ళీ ఊదాను, గట్టిగా, ఆపకుండా, స్కూటీ మీద వచ్చే చప్పుడు వచ్చేదాకా.

"అమ్మా" అంది.

"ఊఁ" అని మళ్ళీ ఊదాను.

అవతల రిసీవర్ పెట్టేసిన చప్పుడైంది. అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఒక్క చుక్క ఏడవలేదని అత్తమ్మ తర్వాత చెప్పింది. అది ఏడుస్తున్నంతసేపూ నేను ఊదుతూనే ఉన్నాను.